సత్యవతి వయసు

ఆగస్టు 14, 1979

ఉదయం నా పెద్ద కూతురు సత్యవతికి కాన్పు కష్టమైంది. బిడ్డ దక్కలేదు. అది మాత్రం బతికింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసు అడిగితే పద్దెనిమిది అన్నాను. నా భార్య వెనక నుంచి మెల్లగా, "పదిహేనమ్మా. పద్నాలుగు నిండగానే నా తమ్ముడికిచ్చి పెళ్లి సేసేసినాం" అంది. డాక్టరమ్మ అంకె కొట్టేసి మళ్లీ రాసుకుంది. తిట్టినా బాగుండేది.

పెళ్లికి తొందరపడింది నేనే. పోర్టులో షిఫ్టుల పని, ఎదిగిన పిల్లను కనిపెట్టుకుని ఉండలేననుకున్నాను. రెండేళ్లు ఆగమని నా భార్య ఎంత చెప్పినా వినలేదు.

సాయంత్రం మంచం పక్కన కూర్చుంటే సత్యవతి కళ్లు తెరిచింది. "నానా, పిల్లడు లేడు కదా. ఇంక నాను మనింటికి వచ్చేత్తాను. మల్లీ బడికెల్తాను" అంది. బిడ్డ లేకపోతే పెళ్లి కూడా తీరిపోయినట్టే అనుకుంటోంది. అలాగే తల్లీ అన్నాను.

వరండాలో బావమరిది ఏడ్చి ఏడ్చి కూర్చుని ఉన్నాడు. పిల్లను మా ఇంటికి తీసుకెళ్తానని చెప్పాను. తల ఊపి, "మల్లీ ఎప్పుడు పంపుతావు బావా?" అన్నాడు.

పంపనని అప్పుడే చెప్పాల్సింది.