గుహ కప్పు రాలిన రోజు

పెద్దోడి తల్లికి, అల్లుడి వెంట ఊళ్లు తిరుగుతూ నేను క్షేమమే.

పొద్దున వేడినీటి మడుగులో ఆడా మగా అందరం మెడదాకా కూర్చున్నాం, నా సిగ్గంతా పోయింది. తర్వాత గుహలో పడవ ఎక్కాం. పైనుంచి నాలుగు గులకరాళ్లు రాలగానే పడవ నడిపే పిల్ల తెడ్డు ఆపేసింది.

"నలభై ఏళ్లు బావులు తవ్వినోణ్ణి. ఇది గట్టి రాయే, పోనియ్యమ్మా" అన్నాను.

"తాతను కూర్చోమను" అని అల్లుడితో చెప్పి వెనక్కి తిప్పింది. మరుక్షణం మా ముందే దూడంత బండ నీళ్లలో పడింది.

కోడలి జ్వరం తగ్గిందా? గేదె ఈనిందా?

మన బావి గోడ నుంచి గులకలు రాలుతుంటే ఏం కాదన్నది నేనే. పూడిక తీయడానికి తమ్ముణ్ణి దింపకు. దిగొద్దని ఫోనులో చెబితే వాడు నవ్వాడు. ఈ కార్డు చూపించి, అన్న తప్పు చెప్పాడట అని గట్టిగా చదువు. పిల్లలకు దీవెనలు.