తలుపు పడిన చప్పుడు

శనివారం, అశోక్ నగర్

సోమవారం కాలేజీ పత్రికకు వ్యాసం ఇవ్వాలి: కార్లు సేకరించేవారికి మెరుపు వేగంతో దూసుకెళ్లే కొత్త హైపర్‌కార్ మేలా, పాతకాలపు లగ్జరీ కారు మేలా? హైపర్‌కారే గెలిచిందని నిన్ననే ముగింపు రాసేశాను. ప్రదర్శనలో తాడు ఇవతల నిలబడి చూశాను దాన్ని. ఆగి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంది.

ఈరోజు పాతది చూడటానికి నారాయణగూడలో మెకానిక్ యాదన్న షెడ్డుకు వెళ్లాను. ఓ డాక్టర్ గారి తాత కొన్న నల్ల కారు అది. ఏళ్లుగా యాదన్నే చూసుకుంటున్నాడు.

“చెప్పులు బయట ఇడిసి కూసో తమ్మీ. డాక్టర్ సాబ్ గూడ గట్లనే ఎక్కుతడు.”

ఎక్కి తలుపు గట్టిగా లాగబోయాను.

“అరె, కొట్టకు! జర ఆనియ్యి, అదే పడ్తది.”

పడింది. వీధిలోని హారన్లన్నీ ఎక్కడికో వెళ్లిపోయాయి.

అయినా వదల్లేదు నేను. “కొత్తది గాలిని కోసుకుంట పోతది అన్నా!”

“పోనియ్యి, మస్తుంటది. మరి నిన్ను కూసోబెట్టుకున్నదా?”

ఇంటికొచ్చి వ్యాసం ముందేసుకున్నాను.

హైపర్‌కార్ మీద రాసిన పొగడ్త ఒక్కటీ తీసెయ్యలేదు, అవి నిజమే. ముగింపు మాత్రం కొట్టేశాను. ఎక్కని కారును ఎలా గెలిపించను? పాతది గెలిచిందని రాద్దామంటే, ఆ తలుపు చప్పుడుకు సరిపడే మాట ఇంకా దొరకలేదు...

రేపు కూడా షెడ్డు తెరుస్తాడట. చెప్పులు విడిచి మరోసారి వినాలి.