ముప్ఫై ఒకటో అంతస్తులో నా మూడో వంతు

ఇంట్లో పెద్దక్క అనీ, వీధిలో కుట్టుపని అమ్మగారనీ పిలిపించుకునే నేను, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, ఉదయం ప్రార్థన ముగించుకుని, నా రెండు గదుల ఇంట్లో కూర్చుని, సొంత దస్తూరితో రాస్తున్న వీలునామా ఇది. దీనికి ముందు ఇలాంటిది ఏదీ రాయలేదు. ఒంట్లో జబ్బు ముదిరింది. మతి మాత్రం నిలకడగానే ఉందని డాక్టరు గారు రాసిచ్చారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఇన్నేళ్ళూ నా తమ్ముడు చెప్పినవన్నీ విన్నాను, ఒక్కటీ నమ్మలేదు.

చదివేవాళ్ళకు అర్థం కావాలి కనుక ముందు కొంచెం చెప్పాలి. నాన్న పోయాక ఆయన ఇల్లు అమ్మారు. నాకూ, తమ్ముడికీ, చెల్లికీ సమానంగా రావలసినదంతా తమ్ముడు పట్టుకెళ్ళి, మా వీధి చివర కట్టబోయే నలభై అంతస్తుల భవనంలో ముప్ఫై ఒకటో అంతస్తున ఫ్లాటు బుక్ చేశాడు. ముగ్గురి పేర్లూ వేయించాడు. అంత ఎత్తు ఎందుకురా అంటే, "పైనుంచి చూస్తే ఊరంతా మన కాళ్ళ కింద ఉంటుందక్కా" అన్నాడు. భవనం తొమ్మిదో అంతస్తు దగ్గర ఆగిపోయి పదకొండేళ్ళయింది. ఆగిందంటే వాడికి కోపం. "ఆగలేదక్కా, గ్యాప్ ఇచ్చారు" అంటాడు. చువ్వలు తుప్పు పట్టాయి. లిఫ్టు గుంటలో వాననీళ్ళు నిలిచి దోమలు పెరుగుతున్నాయి. ఊరు మా కాళ్ళ కిందికి రాలేదు గానీ, భవనం నీడ నా ఇంటి మీదికి వచ్చింది. నేను ప్రార్థనకు కూర్చునే చోట ఇప్పుడు పొద్దుటెండ పడదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఎదురింటి రిటైర్డు టీచరు గారికి అప్పగిస్తున్నాను. ఆమె ఒప్పుకున్నారు. మూడో తరగతిలో లెక్క తప్పు చేసినందుకు తమ్ముణ్ణి బెంచీ ఎక్కించినది ఆమే. వాడు ఇప్పటిదాకా ఎక్కిన ఎత్తు అదొక్కటే. ఆమెను చూస్తే వాడికి ఇంకా నోరు పెగలదు. నాకు కావలసిందీ అదే.

2. నా కుట్టుపని సంపాదనతో కొనుక్కున్న ఈ రెండు గదులూ, రెండు మిషన్లూ, ఇస్త్రీపెట్టెలూ, గోడకున్న నిలువుటద్దంతో సహా, నాతో ఉంటూ నాతో పాటు కుడుతున్న నా చెల్లికి చెందుతాయి. ఉండడానికి, పని చేసుకోవడానికి, తన తదనంతరం తనకు నచ్చినవారికి ఇవ్వడానికి దానికి సర్వహక్కులూ ఉన్నాయి. అయితే దాని జీవితకాలంలో వీటిని తాకట్టు పెట్టకూడదు, అమ్మకూడదు, ఏ భవనం కోసమూ హామీగా చూపకూడదు.

కారణం ఇది. పోయిన నెల తమ్ముడు కాగితాలు తెచ్చాడు. ఫ్లాట్లు కొన్నవాళ్ళు ఎవరి ఇళ్ళు వాళ్ళు తాకట్టు పెడితే పని మళ్ళీ మొదలవుతుందట. "ఒక్క సంతకమే కదక్కా" అన్నాడు. పెట్టనన్నాను. వెంటనే చెల్లి వైపు తిరిగి, "అక్క తర్వాత నువ్వే కదే, నువ్వు పెడతావుగా?" అన్నాడు. నేను అదే గదిలో, మంచం మీద, బతికే ఉన్నాను. చెల్లి తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తూ ఉండిపోయింది. కాజాలు కుట్టడంలో దానికి సాటి లేరు, కానీ "వద్దు" అనే మాట దాని నోటికి రాదు. అందుకని రెండు గదులతో పాటు నా "వద్దు"ను కూడా దానికి రాసిస్తున్నాను. వాడు అడిగినప్పుడల్లా ఈ కాగితం చూపిస్తే చాలు. నోరు విప్పనక్కర్లేదు.

3. ముప్ఫై ఒకటో అంతస్తులో నా మూడో వంతు, దానికి చెందిన గాలి, వెలుతురు, ఈతకొలను, బిల్డరు ఇచ్చిన బొమ్మలో చూపించిన చెట్లతో సహా, తమ్ముడికి. వాడు ఎప్పుడు కావాలన్నా వెళ్ళి స్వాధీనం చేసుకోవచ్చు. తొమ్మిదో అంతస్తు దాకా మెట్లున్నాయి. ఆ పైన ఏమీ లేదు, దేవుడు తప్ప. ఆయనతో రోజూ మాట్లాడుతున్నాను, ఆ ఫ్లాటు సంగతి ఆయనెప్పుడూ ఎత్తలేదు.

4. బిల్డరుకు నేనిచ్చేది ఏమీ లేదు. తీసుకోవలసింది ఆయన తీసుకున్నాడు. అయినా పేరు మరవకుండా ఆయన కోసం ప్రార్థిస్తున్నాను. ఆయన కట్టిన ఇంట్లోనే ఆయన కాపురం ఉండాలని.

5. నా మరదలు, అంటే తమ్ముడి భార్య, ఆ ఫ్లాటు కిటికీలకని బొమ్మ చూసి కొలతలు చెప్పి, నేలదాకా జారే తెరలు నా చేత కుట్టించింది. ఎక్కడి కిటికీలమ్మా అంటే, "అప్పటికప్పుడు కుట్టాలంటే మీకే కష్టం వదినా" అంది. నిరుడు, "అవి నా కళ్ళబడనివ్వకండి, మీరే ఉంచుకోండి" అంది. ఉంచుకున్నాను. వాటిని ఆ భవనం వాచ్‌మన్ భార్యకు ఇవ్వాలి. మొదటి అంతస్తులో, గోడలు లేని చోట, గోనెపట్టాలు కట్టుకుని పిల్లలతో ఉంటోంది. అన్ని అంతస్తుల్లోనూ నిజంగా కాపురం చేస్తున్న ఇల్లాలు ఆమె ఒక్కతే. తెరలు ఆ భవనానికని కుట్టినవే, అక్కడికే చేరతాయి.

మరదలికి నా బూడిదరంగు శాలువా. ఆస్పత్రి వరండాలో ఆమె చలికి వణుకుతూ నా కోసం కూర్చుంది. నేను చూడలేదనుకుంటోంది.

6. బీరువా కింది అరలో పసుపురంగు చొక్కా ఒకటుంది. అమ్మ పోయినప్పుడు తమ్ముడికి ఆరేళ్ళు. నేను మొట్టమొదట కుట్టింది అదే. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. బళ్ళో అందరూ నవ్వితే, "మా అక్క కుట్టింది, మీకెవరు కుడతార్రా?" అన్నాడట. అది వాడికే. ఎవరికీ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు.

7. ఇక బల్ల. కొత్తింటికి ముందే సామాను చేయించాలని తమ్ముడు పన్నెండు మంది కూర్చునే గుండ్రటి భోజనాల బల్ల చేయించాడు. వాడి అద్దె ఇంటి మెట్ల మీదుగా అది ఎక్కలేదు. "రెండు నెలలే అక్కా" అని నా ముందుగదిలో పెట్టించాడు. అప్పుడు నా గదికి షట్టరు ఉండేది. అది పాడైపోతే గోడ కట్టించి తలుపు పెట్టించాను. బల్ల ఆ తలుపులో పట్టదు. గుండ్రటి బల్ల మీద బట్ట కత్తిరించడం ఎంత అవస్థో దర్జీలకే తెలుసు. పైగా దాని మీది ప్లాస్టిక్ కవరు తీయనివ్వలేదు. "కొత్తింట్లో దిగిన రోజు తీద్దాం, అప్పటిదాకా ముట్టుకోకు" అన్నాడు. సరేనన్నాను. ప్లాస్టిక్ మీద బట్ట జారిపోతుంటే చుట్టూ ఇస్త్రీపెట్టెలు బరువు పెట్టి కత్తిరిస్తున్నాను. ఆడిన మాట తప్పలేదు. ఆ మాట నా ఊపిరి ఉన్నంతవరకే.

గోడ పగలగొట్టకూడదు. బల్ల ఉన్నచోటే ఉంటుంది, చెల్లికి చెందుతుంది. నా పెద్ద కత్తెర కూడా దానికే. నన్ను సాగనంపి ఇంటికి వచ్చాక, ఆ కత్తెరతో అది మొదట కత్తిరించవలసింది ఆ ప్లాస్టిక్. తమ్ముడు అటు చివర బిగించి పట్టుకోవాలి. చిన్నప్పుడు నేను బట్ట కత్తిరిస్తుంటే వాడి పని అదే, బాగా పట్టుకునేవాడు. తర్వాత మీరిద్దరూ, మరదలూ, ముగ్గురూ ఆ బల్ల దగ్గరే కూర్చుని అన్నం తినండి. అదే మీ కొత్తిల్లు.

పైన రాసినదంతా నేనే రాశాను, రెండుసార్లు చదువుకున్నాను, ఒక్క మాటా కొట్టివేయలేదు.

తేదీ: మార్చి పదకొండు, రెండువేల ఇరవై నాలుగు, సోమవారం.

(సంతకం) పెద్దక్క

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు. ఇద్దరికీ ఆ భవనంలో ఫ్లాటు లేదు, అందుకే పిలిచాను.

(సంతకం) వీధి మొదట్లో మందుల షాపు ఆయన
(సంతకం) జిరాక్సు షాపు నడిపే ఆవిడ