నడుముకు కట్టుకున్న కడ్డీలు

ధర్మవరం, శుక్రవారం

రేపు హిందూపురం ఆసుపత్రిలో అక్కకు ఆపరేషన్. రక్తం కావాలన్నారు. బావ షుగరుకు ఇన్సులిన్ వేసుకుంటాడని ఆయన్ను వద్దన్నారు. ఇక మిగిలింది నేనే. నలభై ఐదు కిలోలుంటేనే తీసుకుంటారని విని, మగ్గం మీద డిజైన్లు తీసే జకార్డుకు బరువుగా వేలాడే ఇనుప కడ్డీలు కొన్ని విప్పి, చీర లోపల నడుముకు కట్టుకుని బస్సెక్కాను. పెనుకొండ దాటేసరికి నడుమంతా ఒరుసుకుపోయి మండింది.

తూకం సరిపోయింది. రక్తం తీసే మంచమెక్కుతుంటే కడ్డీలు గలగలమన్నాయి. నర్సమ్మ చూసింది, అరవలేదు.

"ఏమక్కా, ఇట్ల చేస్తివే? బరువు లేనోళ్ల దగ్గర తీస్తే కళ్లు తిరిగి పడిపోతారు. నీ మంచికే చెప్తాండా."

కడ్డీలు తీయించి మళ్లీ తూచింది. నలభై ఒకటి. పోయినేడు నలభై నాలుగున్నాను. ఆ మూడు కిలోలు ఎప్పుడు పోయాయో నాకే తెలియదు. రూల్లో తప్పేం లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అదీ తెలియడం లేదు.

రక్తం ఇంకా దొరకలేదు. బావ ఎవరెవరికో ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

వచ్చేముందు అక్క మంచం పక్కన నిలబడి, కడ్డీల సంచి వెనక్కి దాచుకున్నాను. అక్క రక్తం సంగతే ఎత్తలేదు. నా చెయ్యి పట్టుకుని, మణికట్టు చుట్టూ వేళ్లు చుట్టి చూసింది.

"పొద్దున్నుంచి ఏమన్నా తింటివా, పాపా?"