సాంచాల చప్పుడు కావాలి

బాపూ,

ఫోన్‌లో చెబితే "నిమ్మలంగుండు బిడ్డా" అని మధ్యలోనే ఆపేస్తావు. అందుకే ఈ ఉత్తరం రాసి, అటు వస్తున్న రాంప్రసాద్ మామ చేతికిస్తున్నాను.

ఆర్గానిక్ కెమిస్ట్రీ ఫైనల్ అంటేనే చదివింది మర్చిపోతున్నాను, నిజమే. దానికి కారణం గోడాదరాలో మన గది కింద బట్ట నేసే సాంచాల మోతేనని నువ్వూ అమ్మా తేల్చేశారు. "గా లొల్లిల పిల్ల ఎట్ల చదువుతది?" అని పల్సానాలో ఈ మామ ఫ్లాట్‌కి పంపేశారు. నన్నొక్క మాట అడిగారా?

పుట్టినప్పటి నుంచి ఆ మోతలోనే నిద్రపోయాను, ఆ మోతలోనే చదివాను. రియాక్షన్లన్నీ ఆ దెబ్బల లయకే బట్టీపట్టాను. ఇక్కడ ఫ్యాన్ కూడా చప్పుడు చేయదు. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపిస్తుంటే పుస్తకం తెరవాలంటే భయమేస్తోంది. అత్తేమో నా కోసం పిల్లల్ని గుసగుసగా మాట్లాడమంటోంది!

నిన్న అమ్మ ఫోన్ చేసింది. "టెన్షన్ పడకు" అంటుంటే వెనక సాంచాలు నడుస్తున్నాయి. పొద్దున్నుంచి గుర్తురాని బెంజీన్ రియాక్షన్ మొదటి నుంచి కదిలింది. గబగబా రాసుకుంటున్నాను. సగంలో ఉండగా, "ఈడ లొల్లి అయితుంది, నువ్వు సదువుకో" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. కోపంతో ఏడుపొచ్చింది.

పరీక్ష హాల్లో చప్పుడుండదు కదా అంటావు. అక్కడ కాలితో తాళం వేసుకుంటాను. ముందు చదువు తలకెక్కనివ్వండి.

రేపొచ్చి నన్ను తీసుకుపో. పని వదల్లేకపోతే ఫోన్ కలిపి సాంచా పక్కన పెట్టు. నువ్వేం మాట్లాడకు.

నీ బిడ్డ