రెండు రింగులకు నడిచే మోటారు

సిరిసిల్ల
20 సెప్టెంబరు 2011

ప్రియమైన జాఫర్,

నిన్ను ఫోనులోనే తిట్టొచ్చు. కానీ ఫోనులో నువ్వు మధ్యలో అడ్డం పడి నవ్విస్తావు, నా కోపం పాడైపోతుంది. అందుకే కాగితం పట్టాను.

జగిత్యాలలో ఒక కాంట్రాక్టరు ఇంట్లో ఈతకొలనుకు మోటారు బిగిస్తున్నావట. హైదరాబాదులో కూర్చొని ఫోను కొడితే ఇక్కడ నడిచే మోటారట! ఆ ఇంటికి కావలి ఉన్నది మా అన్న దుర్గయ్యే కదా, ఆయనే చెప్పాడు. ఏదో ఘనకార్యంలా చెప్పాడు పాపం. నాకు ఒళ్లు మండింది.

సమ్మె మొదలై వారం దాటింది. గనుల్లో బొగ్గు తవ్వడం ఆగింది, కరెంటు కోతలు పెరిగాయి. మా వీధిలో బట్ట నేసే సాంచాలు పగలంతా మూగగా నిలబడుతున్నాయి. నేసేవాడు కడుపు మాడ్చుకుంటున్నా సమ్మెను ఒక్క మాట అనడం లేదు. అది వాడు తెలంగాణ కోసం ఒప్పుకున్న ఆకలి. మరి నీ కాంట్రాక్టరు ఏం ఒప్పుకున్నాడు? వాడి నీళ్లకు పాచి పట్టకూడదు, అంతేనా? రేపు రాష్ట్రం వస్తే ఎవరికి వస్తుంది జాఫర్, సాంచాకా, ఈతకొలనుకా? జవాబు చెప్పు. నవ్వకుండా చెప్పు.

ఈ వారం పత్రికకు దీని మీదే వ్యాసం రాశాను. నడుమ నీ పేరు రాయాల్సి వచ్చి చింపేశాను. స్నేహం వల్ల పాడైన మొదటి వ్యాసం అది.

రైళ్లు ఆపే పిలుపు వస్తే పెద్దపల్లి పట్టాల మీద వెతుక్కో నన్ను.

కోపంతోనే, కానీ నీ
దేవేందర్

కోరుట్ల
29 సెప్టెంబరు 2011

ప్రియమైన దోస్తు దేవేందర్‌కు సలాం.

నీ ఉత్తరం మా ఆవిడ అస్మాకు చదివి వినిపించాను. "దేవేందరన్నకు సాంచా మీద కోపమొస్తె మోటరును తిడుతడు, మోటరు మీద కోపమొస్తె నిన్ను తిడుతడు. ఆయన మీద ఆయనకెప్పుడొస్తదో!" అంది. నేను నవ్వలేదు, నీ ఆజ్ఞ కదా.

జవాబు కూడా విను. దుబాయిలో ఎనిమిదేళ్లు నేను చేసింది ఈ పనే. కోరుట్లకొచ్చి మూడేళ్లుగా కాలిన మోటార్లకు రాగి తీగ చుడుతున్నాను. ఇప్పుడు కరెంటు లేక రైతుల మోటార్లు నడవడం లేదు, నడవనిది కాలదు, కాలనిది నా దుకాణానికి రాదు. నవంబరు ఐదుకు మళ్లీ దుబాయికి వీసా, టికెట్ సిద్ధంగా ఉన్నాయి. ఈ పని నిలబడితే కాంట్రాక్టరు తన స్నేహితుల ఇళ్లలో మరో మూడు పనులు ఇప్పిస్తానన్నాడు. అప్పుడు నేను పోను. మా పాప తబస్సుమ్ నడక నేర్చినప్పుడు నేను లేను, పాల పళ్లు ఊడినప్పుడు లేను. ఇప్పుడు దానికి పదో ఏడు. సాంచాకా ఈతకొలనుకా అని అడిగావు. నాకు ఇల్లు కావాలి, అంతే.

మోటారు సంగతి. ఇది వేగం మార్చుకుంటుంది. మెల్లగా రోజంతా తిరిగినా మామూలు మోటారు కన్నా తక్కువ కరెంటు తింటుంది. ఆ ఇంట్లో గేటు, దీపాలు ఇప్పటికే ఒక పెట్టె చెప్పినట్టు వింటాయి. మోటారును ఆ పెట్టెకు కలపడం నా పని. పెట్టెలో ఫోను సిమ్ ఉంటుంది. దానికి ఫోను కొడితే రెండో రింగుకు మోటారు నడుస్తుంది, ఇంకోసారి కొడితే ఆగుతుంది. ప్రస్తుతానికి ఎవరు కొట్టినా నడుస్తుంది. కాంట్రాక్టరు ఒక్కడికే లొంగేలా చివర్లో కట్టేస్తాను.

బందుకు దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, కొత్త సిమ్ దొరకలేదు. నా పాత సిమ్మే అందులో వేసి, మా బావమరిది ఒవైస్ సిమ్ నేను వాడుతున్నాను. కొత్త నంబరు కింద రాశాను, నీ ఫోనులో వేసుకో.

పట్టాల మీద జాగ్రత్త. వనితమ్మకు సలాం చెప్పు.

నీ తిట్లకు అలవాటుపడ్డ
జాఫర్

సిరిసిల్ల
18 అక్టోబరు 2011

జాఫర్‌కు,

ముందు 'ప్రియమైన' అని రాయడానికి ఈ రోజు చెయ్యి రావడం లేదు.

శనివారం పెద్దపల్లిలో రైలు ముందు కూర్చున్నాం. పట్టుకుపోయారు, సాయంత్రం వదిలారు. బస్సులు లేవు. నడిచీ, ట్రాక్టర్లెక్కీ మూడో రోజు ఇల్లు చేరాను. గడపలోనే వనిత, "బావ చెయ్యి మోటర్ల వడ్డదట! పోశవ్వక్క ఫోన్ల ఏడ్సుడే ఏడ్సుడు, ఏం సమజ్ గాలే, నడుమనే కట్టయింది" అంది.

చెయ్యి ఉందా? పోయిందా? ఎంతవరకు పోయింది? పోశవ్వ వదిన ఫోను కలవదు. నీ కొత్త నంబరుకు వనిత ఫోను నుంచి ఇరవైసార్లు కొట్టాను, మోగుతుంది, ఎత్తవు. ఎత్తనివాడు తప్పు చేసినవాడే. కాదంటే వాదించు.

మా నాయనకు గుంట భూమి లేదు. ఆయన ఇచ్చిపోయిన ఆస్తి మాకు రెండేసి చేతులు, అంతే. ఆ చేతుల కూలితోనే అన్న నన్ను చదివించాడు. ఆ చదువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎవడూ మీట నొక్కకుండా, మనిషి దగ్గర లేకుండా తనంతట తానే నడిచే యంత్రాన్ని తెచ్చి మా అన్న పక్కన పెట్టింది నువ్వు. ఇది ప్రమాదం కాదు జాఫర్. నీ కక్కుర్తి.

జీపులో కోరుట్ల వైపు పోతున్న పరశురాములు చేతికి ఇది ఇస్తున్నాను. ఆ జీపులోనే జవాబు పంపు.

దుర్గయ్య తమ్ముడు
దేవేందర్

కోరుట్ల
19 అక్టోబరు 2011

ప్రియమైన దేవేందర్,

చెయ్యి ఉంది. ముందు ఆ మాట రాశాను, ఊపిరి పీల్చుకో. నడిమి వేలి గోరు ఊడింది, రెండు కుట్లు పడ్డాయి. వేళ్లన్నీ ఆడుతున్నాయి, డాక్టరు ఆడించి చూపించాడు.

శనివారం. పేపర్లో వేసిన లెక్క ప్రకారం రెండింటి నుంచి ఆరింటి దాకా కోత ఉండాలి. ఆ ధీమాతో నేను ఫ్యూజు తీయకుండానే సాయంత్రం అసర్ నమాజుకు పోయాను. అదే ధీమాతో దుర్గన్న మోటారు మూత తీసి, లోపల ఇరుక్కున్న ఆకులు తీయడానికి చెయ్యి పెట్టాడు. ఆ రోజు కోత పెట్టలేదు. పెట్టెకు రింగు వచ్చింది, మోటారు తిరిగింది. నేను వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చొని, వేలికి రుమాలు చుట్టుకొని, "పేపర్ల రాసిండ్రు గదా అని నమ్మిన తమ్మీ. నువ్వు పరేషాన్ గాకు" అంటున్నాడు. నన్ను ఓదారుస్తున్నాడు!

ఆ మోటారు మామూలుగా మొదట జోరుగా లేస్తుంది. పరీక్ష కోసమని నేను దాన్ని అన్నిటికన్నా మెల్లని వేగంలో పెట్టి ఉంచాను. లేకుంటే ఏమయ్యేదో రాయలేను.

ఎవరు కొట్టారని చూశాను. పెద్దపల్లి ల్యాండ్‌లైను, సరిగ్గా నాలుగున్నరకు. తిరిగి కొడితే స్టేషన్ దగ్గరి చాయ్ హోటలు రూపాయి బిళ్ల ఫోనన్నారు. ఎవరైనా గానీ, వాళ్ల తప్పు కాదు. ఫ్యూజు తీయాల్సింది నేను.

మొహం చెల్లక నీ ఫోను ఎత్తలేదు. ఐదో తారీఖున దుబాయి పోతున్నాను. మరొకడి పర్యవేక్షణలో పని చేసుకుంటాను. నా చేతులను నేనే నమ్మడం లేదు.

క్షమించగలిగితే క్షమించు.

జాఫర్

సిరిసిల్ల
20 అక్టోబరు 2011

ప్రాణమిత్రుడు జాఫర్‌కు,

ఆ ఫోను కొట్టింది నేను.

తోపులాటలో నా ఫోను పట్టాల మీద పడి పగిలింది. వదిలిపెట్టగానే చాయ్ హోటలుకు పోయాను. ధర్నాకు పోయిన ప్రతిసారీ రెండు రింగులు ఇచ్చి పెట్టేయడం మన అలవాటు కదా, బతికే ఉన్నానని. బిళ్ల కూడా మిగులుతుంది. నాకు కంఠతా వచ్చింది నీ పాత నంబరొక్కటే. నువ్వు మార్చానని రాసిన ఉత్తరం ఇంట్లో డబ్బాలో ఉంది, వేలు మాత్రం పాత దారినే పోయింది. నేను క్షేమమని చెప్పిన రింగుకే అన్న వేలు నలిగింది.

నా తప్పుకు సాకు వెతకను. వెతికితే దొరుకుతుంది, వాదించడం నా వృత్తి. నీకు రాసిన 'కక్కుర్తి' అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. జీవితంలో ఒక మాట వెనక్కి తీసుకోవడం ఇదే మొదలు. నిన్న అన్నతో మాట్లాడి ఒప్పుకున్నాను. "నిన్ను ఇడిసిపెట్టిండ్రని నాకే ముందుగాల తెలిసిందన్నట్టు!" అని నవ్వాడు. నేను ఏడ్చాను. వనిత చూసింది, ఇక దాచి లాభం లేదు.

కానీ ఒక్క వాదన మాత్రం వదలను. నువ్వు దుబాయి పోతే ఆ పెట్టె ఎవడి చేతికి పోతుంది? ఫ్యూజు తీయకపోతే ఏమవుతుందో కళ్లారా చూసినవాడు ఈ జిల్లాలో నువ్వొక్కడివే. భయం తెలిసిన పనివాడు వెళ్లిపోయి, తెలియనివాడు వస్తే మా అన్నకు మేలా? నీ బాధ నిజమే, నీ ప్రయాణం మాత్రం తప్పు లెక్క. అన్నను అడుగు. ఆయన చెయ్యి, ఆయన మాట.

సిగ్గుతో, ప్రేమతో
నీ దేవేందర్

కోరుట్ల
6 నవంబరు 2011

ప్రియాతిప్రియమైన తగాదాకోరు దేవేందర్‌కు,

తారీఖు చూశావా? నిన్నటి విమానం నేను లేకుండానే ఎగిరింది. రేపు బక్రీద్. తబస్సుమ్ గోరింటాకు చేతులతో నా వీపు మీద ఎక్కి ఉంది, అక్షరాలు వంకరపోతే దాని పుణ్యం.

నువ్వు చెప్పినట్టే దుర్గన్నను అడిగాను. "పోతె పో తమ్మీ, గని పోయే ముంగట నాకో పని జేసిపెట్టు" అన్నాడు. కాంట్రాక్టరు వచ్చిన రోజు, వేలికి కట్టుతోనే ఆయన ఎదురుగా నిలబడి ఆ పనేమిటో చెప్పాడు.

"మోటరు పక్కపొంటి తాళమున్న మీట వెట్టియ్యుండ్రి సారూ. తాళంచెవి నా తాన ఉంటది."

"అట్లయితె నేను హైదరాబాద్‌ల కూసోని ఫోన్ జేసి ఏం ఫాయిదా దుర్గయ్యా?"

"జెయ్యుండ్రి సారూ, ఎవలద్దన్నరు? నా చెయ్యి బైటికొచ్చినంక నడుస్తది."

కాంట్రాక్టరుకు మొహం ఎర్రబడింది. ఆ పని నాది కాకుండా పోయిందనుకున్నాను. ఆయన ఆ కట్టు వైపు చూసి, నా వైపు తిరిగి, "పెట్టు" అన్నాడు. పెట్టాను. తాళం మూసి ఉంటే ఎవరి ఫోనుకూ మోటారు పలకదు. పెట్టెలో కొత్త సిమ్ వేశాను, కాంట్రాక్టరు నంబరుకే లొంగుతుంది. మిగతా మూడు ఇళ్లలోనూ ఇలాంటి మీట ఉంటేనే చేస్తానని చెప్పాను. ఇద్దరు సరేనన్నారు. మూడోవాడు ఆలోచిస్తున్నాడు, ఆలోచించనీ. అస్మా నా సూట్‌కేసు తీసి అటక మీద పారేసింది.

నువ్వు లేనందుకు బాధపడ్డ సంగతి ఒకటుంది. మొన్న కాంట్రాక్టరు హైదరాబాదు నుంచి మొదటిసారి కొట్టాడు. మోటారు నడవలేదు. దుర్గన్నకు ఫోను చేశాడు, మళ్లీ చేశాడు. అప్పుడు దుర్గన్న, నేను మెట్ల మీద కూర్చొని చాయ్ తాగుతున్నాం. "వస్తున్న సారూ" అని ఫోను పక్కన పెట్టాడు. మిగిలిన చాయ్ ఊదుకుంటూ తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. మోటారు దగ్గరికి పోయి, మూత బిగుతు చూసి, తాపీగా తాళం తిప్పాడు.

నీళ్లు కదిలాయి.

ఇంటిల్లిపాది సలాములతో, ఎక్కడికీ పోని
నీ జాఫర్