ఆరడానికి పట్టే సమయం

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున చర్చిలో నీ పేరున ప్రార్థన చేయించాక అమ్మని ఆటో ఎక్కించి, నేను నరసరావుపేటలోని మా కాలేజీకి వచ్చేశాను. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు పనిచేస్తుందో లేదో ఇవాళ తేలిపోవాలి.

నేను తయారుచేసిన ప్యానెల్‌కి ఒక పక్క మసక బొమ్మ పడితే, రెండో పక్క అదే బొమ్మ పచ్చటి కాంతితో కనపడాలి. ఆ బొమ్మ రావడానికీ పోవడానికీ ఎంతసేపు పడుతుందో కొలవాలి. బొమ్మ కోసం నీ ఛాతీ ఎక్స్‌రే తీసుకెళ్ళాను. సున్నపు బట్టీ పని మానెయ్యమని డాక్టర్ చెప్పిన రోజు తీసిందది. నువ్వు దాన్ని ఎండకి పట్టి, "ఏందే, లోపల నేనింత తెల్లగున్నానా!" అని నవ్వావు.

ఎక్స్‌రే వెనక సన్నటి లైటు వేస్తే ప్యానెల్ మీద ఏమీ రాలేదు.

"ఇది పోయిందమ్మా. వేరే ప్రాజెక్టు చూసుకో," అన్నారు ప్రాజెక్టు చూసే సార్.

"వెలుతురు తక్కువైతే నిదానంగా వస్తది సార్. కాస్త ఆగండి."

ఆగాం. ముందు వెన్నెముక తేలింది. తర్వాత పక్కటెముకలు ఒక్కొక్కటే వచ్చాయి. సార్ "శభాష్" అని, లైటు ఆర్పి, తనూ ఒక స్టాప్‌వాచ్ తీసుకున్నారు. బొమ్మ వెంటనే పోలేదు. చీకట్లో కాసేపు నిలబడి, మెల్లగా సన్నగిల్లింది.

మళ్ళీ మళ్ళీ కొలిచాం. ప్రతిసారీ సార్ వాచ్ ఆపిన తర్వాతే నేను నాది ఆపాను.

"ఇంకా ఏం కనపడతందమ్మా నీకు?" అన్నారు.

రికార్డులో సార్ చెప్పిన అంకెలే రాశాను.